పుట్టుమచ్చను చెరిపిన అద్దం: నగల దుకాణంలోని ఏఆర్ సేవపై ఒక సమీక్ష

మా అమ్మాయి పెళ్లి నగలు ఎంచుకోవడానికి కార్తీకమాసంలో ఒక ఆదివారం నేను, మా అమ్మ, అమ్మాయి ముగ్గురం తెనాలి నుంచి విజయవాడ వెళ్లాము. మేము వెళ్లిన దుకాణంలో, రెండో అంతస్తులోని పెళ్లి నగల విభాగానికి ఎదురుగా, ఆగ్మెంటెడ్ రియాలిటీతో (ఏఆర్, అంటే కంటి ముందున్న నిజమైన దృశ్యానికి కల్పిత బొమ్మను జతచేసి చూపే పద్ధతితో) పనిచేసే ఒక నిలువెత్తు అద్దాన్ని ఈ మధ్యనే ఏర్పాటు చేశారు. నగను పెట్టెలోంచి తీయకుండానే, అది వేసుకుంటే ఎలా ఉంటామో చూపించే అద్దం అది. దాని ముందు మేము గంటన్నరకు పైగా గడిపాము; ఆ తరువాత మనసులో తొలుస్తున్న కొన్ని సందేహాలు తీర్చుకోవడానికి పది రోజుల తేడాతో ఇంకొకసారి వెళ్లి వచ్చాము. ఇటువంటి అద్దాలు, ఇదే పని చేసే ఫోన్ యాప్‌లు ఇప్పుడు నగలు, కళ్లజోళ్లు, లిప్‌స్టిక్కులు అమ్మే చాలామంది దగ్గర కనిపిస్తున్నాయి కనుక ఆ దుకాణం ఏదన్నది ఇక్కడ ముఖ్యం కాదు. బంగారం నాణ్యత గురించి, తరుగు, మజూరీల గురించి రాసేవారు చాలామందే ఉన్నారు. ఆ అద్దం ముందు నిలబడిన మనిషి మనసుకు, ఆ మనిషితో పాటు వచ్చిన వారికి ఏమవుతుందన్నది నేను రాయదలచుకున్నాను.

అద్దం అని పిలుస్తున్నా, అది చట్రంలో బిగించిన పెద్ద తెర. పైన ఒక చిన్న కెమెరా ఉంటుంది. కెమెరాకు కనిపించినదాన్ని కుడిఎడమలు మార్చి తెర మీద చూపడం వల్ల అద్దంలా అనిపిస్తుంది. కనుకొలకులు, ముక్కు కొన, దవడ అంచు వంటి చోట్లను ప్రోగ్రాం బిందువులుగా గుర్తుపట్టి, వాటితో ముఖానికి ఒక వల అల్లుతుంది. ఈ పనికి గూగుల్ ఉచితంగా అందరికీ అందించిన మీడియాపైప్ అనే సాధనంలో అయితే ఆ వలకు 468 బిందువులు ఉంటాయి. ఆ వలకు నగ బొమ్మను తగిలించి, మనం తల తిప్పిన ప్రతిసారీ రెప్పపాటు కూడా ఆలస్యం లేకుండా కొత్తగా గీస్తుంది. ఆగ్మెంటెడ్ రియాలిటీకి ఉండవలసిన లక్షణాలను పరిశోధకుడు రొనాల్డ్ అజూమా 1997లో మూడుగా చెప్పారు: నిజమూ కల్పితమూ కలిసి ఉండాలి, మన కదలికకు అప్పటికప్పుడు స్పందించాలి, కల్పిత వస్తువు నిజమైన స్థలంలో మూడు కొలతల్లోనూ కుదురుగా అమరాలి. ఈ పేరు 1990ల మొదట్లో బోయింగ్ సంస్థలో పుట్టింది; విమానాల్లో ఏ తీగ ఎటు పోవాలో పనివారి కళ్ల ముందే చూపించాలన్నది అక్కడి అవసరం. ఆ కర్మాగారంలో కల్పిత రేఖ పడింది తీగల మీద. ఈ దుకాణంలో అది ఆడపిల్ల ముఖం మీద పడుతోంది.

నగల వరకు చెప్పవలసి వస్తే పనితనం బాగుంది. కాసులపేరు, గుత్తపూసల హారం, మామిడిపిందెల హారం మెడ వంపు మీద చక్కగా కూర్చున్నాయి. నక్షీ పనిలోని దేవతామూర్తులు కూడా దగ్గరికి వెళ్తే స్పష్టంగా కనిపించాయి. పాపిడిబిళ్ళ తిన్నగా పాపిట మీదనే నిలిచింది. జుట్టు చెవులను కప్పినప్పుడు మాత్రం బుట్టలు గాలిలో వేలాడాయి. జడ నగలు ఈ అద్దానికి చేతకావు, ఎందుకంటే కెమెరాకు మన వీపు కనిపించదు. వడ్డాణం ఎవరు నిలబడినా వారి నడుముకు సరిగ్గా సరిపోయింది. నిజమైన వడ్డాణానికి ఒక చుట్టుకొలత ఉంటుందని, దానికి సరిపోయేలా మరలు వేయించుకోవాలని నగలు చేయించుకున్నవారికి తెలుసు కనుక ఆ అమరికను నమ్మవద్దు.

ఈ సేవలో నాకు అన్నింటికంటే నచ్చినది, అది మొహమాటాన్ని తీసివేయడం. నగల దుకాణంలో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లో కూల్‌డ్రింకో ఇచ్చి, నాలుగు పెట్టెలు తెరిచి చూపిన తరువాత ఏమీ కొనకుండా లేచి రావడం మధ్యతరగతి ఇల్లాలికి ఎంత కష్టమో నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. ‘ఇంకొకటి చూపించండి’ అనే మాట గొంతులోనే ఆగిపోయి, అంతగా నచ్చని వస్తువునే కొనుక్కుని వచ్చినవారు మా బంధువుల్లోనే ఎందరో ఉన్నారు. అద్దం దగ్గర ఆ ఇబ్బంది లేదు. మా కంటే ముందు ఒక చిన్నవయసు జంట అక్కడ నిలబడి ఉంది. రెండు గ్రాముల దిద్దులు కొనడానికి వచ్చామని ఆ అమ్మాయే మాతో చెప్పింది. దిద్దులు చూసుకున్నాక, కాస్త అటూ ఇటూ చూసి, అద్దాన్ని నడిపే టాబ్లెట్ మీద కాసులపేరు బొమ్మను తాకింది. తెర మీద తన మెడలో ఆ నగ వచ్చి పడగానే ఆమె చెయ్యి తనకు తెలియకుండానే మెడ దగ్గరికి పోయింది. అక్కడ పసుపుతాడు తప్ప ఇంకేమీ తగలలేదు. భర్త ఫోనులో ఫొటో తీశాడు. ఎవరూ వారిని తొందరపెట్టలేదు, ఎవరూ బడ్జెట్ ఎంతని అడగలేదు. నిజమైన కాసులపేరును అంతసేపు మెడలో వేసుకుని చూసుకునే చనువు ఏ దుకాణమూ వారికి ఇచ్చి ఉండేది కాదు. నగ ధరను బట్టి కొనేవారిని అంచనా కట్టే చోట, కాసేపైనా ఆ అంచనా లేకుండా నిలబడగలగడం చిన్న విషయం కాదు.

ఇక తూకం. తెర మీద ఎంత పెద్ద హారమైనా దూదిలా తేలికగానే ఉంటుంది. మాకు నచ్చిన ఒక హారం ఆరు కాసులు, అంటే 48 గ్రాములు. తెలంగాణ లెక్కలో దాదాపు అయిదు తులాలు. అది మెడ మీద మూడు గంటలు ఉంటే ఎలా ఉంటుందో, బరువైన బుట్టలకు చెంపస్వరాలు పెట్టకపోతే తమ్మెలు ఎంత సాగుతాయో ఆ తెర చెప్పదు. ఇది లోపమే గాని తెలిసిన లోపం. వస్తువును చేతిలోకి తీసుకోగానే నిజం తెలిసిపోతుంది.

తెలియని లోపం మా అమ్మ కనిపెట్టింది.

మా అమ్మాయి గుత్తపూసల హారాన్ని తెర మీద పెట్టుకుని మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. వెనుక కుర్చీలో కూర్చున్న అమ్మ లేచి వచ్చి, కళ్లజోడు సవరించుకుని, ‘గడ్డం మీద మచ్చ ఏదే?’ అని అడిగింది. మా అమ్మాయికి ఎడమవైపు గడ్డం మీద మినపగింజంత పుట్టుమచ్చ ఉంది. మా అమ్మకూ సరిగ్గా అక్కడే ఉంది. ఇద్దరి మచ్చలూ ఒక్కచోటే ఉండటం మా ఇంట్లో పురిటి రోజు నుంచీ చెప్పుకుంటున్న సంగతి. తెర మీద ఆ మచ్చ లేదు. నేను అమ్మాయి ముఖం వైపు చూశాను, ఉంది. తెర వైపు చూశాను, లేదు. అప్పుడు అమ్మ కూడా తెర ముందుకు వచ్చి మనవరాలి పక్కన నిలబడింది. అమ్మ మచ్చ కూడా మాయమైంది. దానితో పాటు డెబ్బై ఆరేళ్ల ముఖంలోని సన్నని ముడతలు, కళ్ల కింది నలుపు కూడా పోయాయి. అమ్మ తన గడ్డాన్ని వేలితో తడిమి చూసుకుంది. ఆ తరువాత ఇంకొకటి గమనించాము. మా అమ్మాయిది చామనఛాయ. తెర మీద ఆమె రంగు ఒకటి రెండు మెట్లు తేలి ఉంది. అక్కడ పనిచేసే అమ్మాయిని అడిగితే, ‘క్లారిటీ కోసం అలా వస్తుందమ్మా, అందరికీ బాగుంటుంది’ అని ఎంతో మర్యాదగా చెప్పింది. ఆమె అబద్ధం చెప్పిందని నేను అనుకోవడం లేదు. ఆమెకు తెలిసినది అంతే.

నేను ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ప్రతి ఏడాదీ పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల పట్టికలు) నింపేటప్పుడు పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి పుట్టుమచ్చలు చూసి రాసుకుంటాము. ‘ఎ మోల్ ఆన్ ది చిన్’ అని మా అమ్మాయి సర్టిఫికెట్‌లోనూ ఉంది. ఈ మనిషి ఈ మనిషేనని ప్రభుత్వం ముందు రుజువుగా నిలిచే ఆ చుక్కను, ఎవరూ అడగకుండానే ఒక యంత్రం లోపమని తేల్చి తుడిచివేసింది. మా బడిలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలను గుర్తింపు కార్డు ఫొటోకు నిలబెడితే, ‘ఫిల్టర్ ఉన్న కెమెరాతో తీయండి మేడమ్’ అని అడుగుతున్నారు. ఆ మాటను ఇంతకాలం పిల్లల సరదాగా తీసుకున్నాను. ఆ రోజు అద్దం ముందు నిలబడ్డాక దాన్ని అలా తీసుకోలేకపోతున్నాను.

ముఖానికి వెంటనే తొడుగు వేసే ఈ కళ జనంలోకి వచ్చింది స్నాప్‌చాట్ 2015లో తెచ్చిన లెన్సులతో. మొదట కుక్క చెవులు, ఇంద్రధనుస్సులు. వాటి వెనుకే నునుపైన చర్మం, సన్నని ముక్కు, పెద్ద కళ్లు వచ్చాయి. కుక్క చెవులు కల్పితమని చిన్నపిల్లకు కూడా తెలుసు. నునుపైన చర్మం కల్పితమని మన కన్ను పట్టుకోలేదు, ఎందుకంటే అది మన ముఖమే. 2017లో అమెరికాలోని ముఖ ప్లాస్టిక్ సర్జరీ వైద్యుల సంఘం జరిపిన సర్వేలో, సెల్ఫీల్లో ఇంకా బాగా కనిపించాలని శస్త్రచికిత్స కోరుతూ రోగులు వస్తున్నారని 55 శాతం మంది వైద్యులు చెప్పారు. మరుసటి ఏడాది బోస్టన్ వైద్యులు ఒక వైద్య పత్రికలో ‘స్నాప్‌చాట్ డిస్‌మార్ఫియా’ అనే మాటను చర్చకు తెచ్చారు; తన రూపంలో ఏదో లోపం ఉందని మథనపడటాన్ని డిస్‌మార్ఫియా అంటారు. పూర్వం సినిమా తారల ఫొటోలు పట్టుకుని డాక్టర్ల దగ్గరికి వచ్చేవారు, ఇప్పుడు ఫిల్టర్ వేసిన తమ ఫొటోనే పట్టుకుని వస్తున్నారన్నది దాని సారం. తారతో పోల్చుకుని బాధపడిన మనిషికి ‘ఆమె వేరు, నేను వేరు’ అని సర్దుకునే వీలైనా ఉంది. తన ముఖంతోనే తనను పోల్చుకుని ఓడిపోయిన మనిషికి ఆ ఆసరా కూడా లేదు.

సంస్థలకూ ప్రభుత్వాలకూ ఇది తెలియని విషయం కాదు. ప్లాస్టిక్ సర్జరీని పోలిన ఫిల్టర్లను ఇన్‌స్టాగ్రామ్ 2019లో తీసివేసింది. ప్రకటనల్లో శరీరాన్ని దిద్దిన ఫొటోలకు ఆ సంగతి తెలిపే గుర్తు ఉండాలని నార్వే 2021లో చట్టం చేసింది. అయినా 2023లో టిక్‌టాక్‌లో వచ్చిన ‘బోల్డ్ గ్లామర్’ అనే ఫిల్టర్ ముఖం మీద చెయ్యి అడ్డం పెట్టినా చెదరనంతగా కుదిరింది. చూసేవారికి ఎక్కడా అతుకు కనిపించలేదు. ఇవన్నీ ఫోనులోని సంగతులు. ఫోను పట్టుకున్నవారికి ఫిల్టర్ అనేది ఒకటి ఉందని కనీసం తెలుసు, తామే వేలితో నొక్కి పెట్టుకుంటారు. దుకాణంలో చట్రం బిగించి ‘అద్దం’ అని రాసి పెట్టినదాని ముందు నిలబడేవారికి ఆ ఎరుక ఉండదు. నా అభ్యంతరం ముఖ్యంగా ఇక్కడే. అద్దం అనే మాటతో మనకు పుట్టినప్పటి నుంచీ ఒక నమ్మకం ముడిపడి ఉంది: అది మెచ్చుకోదు, తిట్టదు, ఉన్నది చూపుతుంది.

మన ఇళ్లలో రంగు మాట ఎంత లోతుగా దిగి ఉందో వేరే చెప్పనక్కరలేదు. 1975 నుంచి అమ్ముడవుతూ వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. పేరులోంచి తెలుపు పోయింది గాని పెళ్లిచూపుల మాటల్లోంచి పోలేదు. ‘పిల్ల కళగా ఉంటుంది, కాస్త రంగు తక్కువ’ అనే వాక్యాన్ని మా అమ్మాయి గురించి నేను మూడు సంబంధాల్లో విన్నాను. నగల దుకాణాల్లో కూడా ‘ఈ రంగుకు పచ్చలు అంతగా తేలవమ్మా’ అనే సేల్స్‌మన్లు ఉండేవారు. ఆ మాట అన్న మనిషికి మనం జవాబు చెప్పగలం, కోపం వస్తే లేచి రాగలం. అద్దం ఆ మాట పైకి అనకుండానే పని పూర్తి చేస్తుంది. చామనఛాయ పిల్ల ముందు ఆమె కంటే తెల్లని ఆమెనే నిలబెట్టి, నగ ఈమెకు నప్పిందని చూపుతుంది.

ఈ చూపు అద్దం ముందు నుంచి పక్కకు రాగానే పోతుందా అన్నది నా తరువాతి ప్రశ్న. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జెరెమీ బెయిలెన్సన్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగాలు ఈ సందర్భంలో చెప్పుకోదగ్గవి. ఏఆర్ కళ్లద్దాలు పెట్టుకున్నవారికి ఒక కుర్చీలో కల్పిత మనిషి కూర్చున్నట్టు చూపించారు. ఆ తరువాత రెండు కుర్చీల్లో ఒకదానిలో కూర్చోమంటే, కళ్లద్దాలు పెట్టుకున్న వారందరూ ఆ మనిషి కూర్చున్న కుర్చీని వదిలి పక్కదానిలో కూర్చున్నారు. అందులో వింత లేదు. కళ్లద్దాలు తీసివేసి, రెండు కుర్చీలూ ఖాళీగా ఉన్నాయని కంటితో చూస్తున్నవారిలో కూడా 72 శాతం మంది ఆ కుర్చీలో కూర్చోలేదు. లేడని తెలిసిన మనిషికి కుర్చీ వదిలిన మనసు, తనది కాదని తెలిసిన ముఖాన్ని అంత తేలికగా వదులుతుందని నేను అనుకోలేను. అంతకు ముందు 2007లో అదే విశ్వవిద్యాలయంలో నిక్ యీ, బెయిలెన్సన్ కలిసి చేసిన పరిశోధనలో, కల్పిత లోకంలో అందమైన రూపం ఇచ్చినవారు ఎదుటివారికి మరింత దగ్గరగా నిలబడి తమ గురించి ఎక్కువగా చెప్పుకున్నారు. మనకు ఇచ్చిన రూపాన్ని బట్టి మన ధైర్యం మారుతుందన్నమాట. మా అమ్మాయి ముందు అనుకున్నదానికంటే పెద్ద హారాన్ని చూసి ‘ఇదే బాగుంది’ అన్నది సరిగ్గా ఆ అద్దం ముందే. ఆ నిర్ణయం హారాన్ని చూసి తీసుకున్నదా, తెర మీది ముఖాన్ని చూసి తీసుకున్నదా అని ఇంటికి వచ్చాక నేను అడిగాను. ‘నాకే తెలియడం లేదమ్మా’ అంది.

ఇంకొక సంగతి కూడా జరిగింది. తెర మీద ‘షేర్’ అనే బొత్తాం ఉంది. దాన్ని నొక్కితే ఫొటో వాట్సాప్‌కు వస్తుంది. మచ్చ సంగతి అమ్మ బయటపెట్టకముందే, మా అమ్మాయి అలాంటి ఫొటో ఒకటి డాలస్‌లో ఉన్న కాబోయే ఆడపడుచుకు పంపింది. కాసేపటికి జవాబు వచ్చింది: ‘సూపర్ ఉన్నావు వదినా, ముందు పంపిన ఫొటోల కంటే చాలా కలర్ వచ్చావు, పెళ్లి వరకు ఇలాగే మెయింటెయిన్ చెయ్యి!’ ఆ పిల్ల ఎంతో ప్రేమగా రాసిన మాట అది. మా అమ్మాయి చదివి ఫోను నాకు ఇచ్చి, ‘పెళ్లిరోజు నేను ఇలా ఉండనుగా అమ్మా’ అంది. ప్రకాశం బ్యారేజి దాటి తెనాలి వచ్చేవరకు మళ్లీ నగల ఊసు ఎత్తలేదు. అద్దం చేసిన చిన్న దిద్దుబాటు సముద్రాలు దాటి వెళ్లి, ఒక కుటుంబం ఇంకొక కుటుంబంలోని పిల్ల గురించి పెట్టుకునే అంచనాగా తిరిగి వచ్చింది. ఒక మనిషి మనసులో మొదలైనది నలుగురి మధ్యకు ఎలా పాకుతుందో చూపడానికి నాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

నగలు చూసుకోవడం మనకు నలుగురితో కలిసి చేసే పని. ఒకరు వెనుక నుంచి దారం ముడి వేస్తారు, ఒకరు చేతి అద్దం పట్టుకుంటారు, పెద్దవారు దూరంగా కూర్చుని ‘కొంచెం కిందికి వదులు’ అంటారు. ఈ తెర ఒకసారికి ఒకరికే నగ పెడుతుంది. ఇద్దరు నిలబడితే హారం ఒకరి మీది నుంచి ఇంకొకరి మీదికి దూకుతుంది. అందువల్ల మిగిలినవారు తెర అంచుకు బయట, మనిషిని వదిలి తెరనే చూస్తూ నిలబడవలసి వచ్చింది. స్టాన్‌ఫర్డ్ ప్రయోగాల్లోనే మూడో దానిలో, ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు ఏఆర్ కళ్లద్దాలు పెట్టుకున్నవారు ఎదుటి మనిషితో తమకు అంత దగ్గరితనం అనిపించలేదని చెప్పారు. మా ముగ్గురిలో ఎవరి కంటికీ కళ్లద్దాల యంత్రం లేకపోయినా, ఆ గంటన్నరలో మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది తక్కువ. మా అమ్మ మనవరాలి ముఖం వైపు చూసింది కనుకనే మచ్చ పోయిన సంగతి బయటపడింది.

సేవ మొదలుపెట్టే ముందు ఫోను నంబరు అడుగుతారు, ఓటీపీ చెప్పాలి. ఫొటోలు ఎన్ని రోజులు ఉంచుకుంటారని అడిగితే అక్కడ ఉన్నవారు చెప్పలేకపోయారు. మన దేశంలో 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి సమ్మతి అడగాలన్నది దాని మూలసూత్రం. ఆడపిల్లల ముఖాలతో పనిచేసే చోట ఆ జవాబు గోడ మీద తెలుగులో రాసి ఉండాలి.

పది రోజుల తరువాత రెండోసారి వెళ్లినప్పుడు ఒక పరీక్ష చేశాము. ఇది మా అమ్మ ఆలోచన. పెళ్లికూతురికి బుగ్గచుక్క పెడతాము కదా, దాన్ని కూడా ఈ తెర చెరుపుతుందా అని అడిగింది. కాటుక పట్టుకెళ్లి అమ్మాయి బుగ్గన మిరియం గింజంత చుక్క పెట్టాము. తెర మీద అది లేత బూడిదరంగు నీడగా మిగిలింది. చుక్కను బఠానీ గింజంత చేస్తే అప్పుడు నల్లగా నిలిచింది. చిన్న నల్లచుక్క ఏదైనా ఆ ప్రోగ్రాంకు మొటిమ మచ్చతో సమానం అన్నమాట. చిన్నప్పటి నుంచి దిష్టి తగలకూడదని మనం పెట్టే చుక్కకూ, ముఖం మీది మరకకూ దానికి తేడా తెలియదు. సూపర్‌వైజరును పిలిచి చూపించాము. ఆయన విసుక్కోకుండా విన్నారు, టాబ్లెట్‌లో వెతికారు. సెట్టింగుల్లో నాలుగు మెట్ల లోపల ‘బ్యూటీ’ అనే గీత ఒకటి దొరికింది. అది వందకు అరవై దగ్గర ఉంది. దాన్ని సున్నాకు జరపగానే కాటుక చుక్క నల్లబడింది, గడ్డం మీద మచ్చ వచ్చింది, అమ్మాయి రంగు అమ్మాయికి వచ్చింది. నాలుగు నెలలుగా ఆ గీత ఒకటి ఉందని తనకు తెలియదని, సాఫ్ట్‌వేర్ ఇచ్చినవారు అలాగే పెట్టి ఇచ్చారని ఆయన చెప్పారు. యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టి చూస్తే గీత తిరిగి అరవైకే వచ్చింది. రోజూ ఉదయం ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని సున్నాకు తేవాలి. ఆ పని తాను చూస్తానన్నారు.

ఆ దుకాణంలోనే కింది అంతస్తులో కొన్న ప్రతి వస్తువు మీదా హాల్‌మార్క్ ముద్రను, ఆ నగను గుర్తించే హెచ్‌యూఐడీ సంఖ్యను (అక్షరాలు, అంకెలు కలిపి ఆరు) భూతద్దం కింద పెట్టి చూపిస్తారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా కొత్త నగ అమ్మకూడదు. బంగారంలో ఎంత కలిపారో గ్రాముకు లెక్క చెప్పే వ్యాపారం ఇది. గీటురాయి కాలం నుంచీ ఆ లెక్క మీదనే నమ్మకం నిలబడింది. తెర మీది ముఖంలో ఎంత కలిపారో కూడా అదే పద్ధతిలో చెప్పమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. దిద్దుబాటు సున్నాలో ఉండటం సహజ స్థితి కావాలి. ఎవరైనా కావాలనుకుంటే తామే పెంచుకోవాలి. పెంచినప్పుడు తెర మూలన, షేర్ చేసిన ఫొటో మీద కూడా, ఆ సంగతి కనిపించాలి.

ఈ సేవను వాడవద్దని నేను చెప్పడం లేదు. నమూనాలు చూసుకోవడానికి, నలభై హారాల్లోంచి నాలుగు ఏరుకోవడానికి, మొహమాటం లేకుండా మనసు తీరా చూసుకోవడానికి అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ముఖం చూసుకునే అద్దంగా, ఆ గీత అరవైలో ఉన్నంతకాలం, ఒక్కటి కూడా ఇవ్వలేను. వెళ్లేవారు చేతి అద్దం ఒకటి దగ్గర పెట్టుకోండి. లేదా కాటుక చుక్క పెట్టి చూడండి. పదిహేనేళ్ల లోపు పిల్లలను సరదాకు కూడా దాని ముందు నిలబెట్టవద్దని, గీత సున్నాలో ఉందని మీరు స్వయంగా చూసుకునే వరకు ఫొటోలు ఎవరికీ పంపవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

మేము చివరికి మొదట అనుకున్న చిన్న హారాన్నే తీసుకున్నాము, 36 గ్రాములు, గుత్తపూసలు, మధ్యలో కెంపుల పతకం. పెట్టెలోంచి తీసి అమ్మాయి మెడలో వేసి, వెనుక దారం ముడి మా అమ్మ వేసింది. నేను చేతి అద్దం పట్టుకున్నాను. కౌంటరు దగ్గర ఉన్న మామూలు అద్దం ముందు నిలబెట్టి ఫోనులో ఒక ఫొటో తీశాము. డాలస్‌కు ఆ ఫొటో పంపింది మా అమ్మాయే, ‘ఇది నేను’ అని రాసి.